హోకన్ గురువారాలు

హోకన్ పోయిన మూడు వారాలకి, అంత్యక్రియల తర్వాత జరిగిన కాఫీ సభలో, నేను అతని గురించి పావుగంట మాట్లాడాను. వచ్చినవాళ్ళంతా నా మొహం చూడకుండా కప్పుల్లోకి చూస్తూ విన్నారు. ఏడుపు ఆపుకుంటున్నారు పాపం అనుకున్నాను. ఆ పావుగంట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

నా పేరు స్టెల్లాన్. ఓరెబ్రూ అనే ఊళ్ళో వాహనాలు తనిఖీ చేసే ఉద్యోగం. బ్రేకు అర మిల్లీమీటరు ఎక్కువ అరిగినా బండి వెనక్కి పంపిస్తాను. బతిమాలినా, కన్నీళ్ళు పెట్టుకున్నా వినను. ఇలాంటి మనిషితో ముప్ఫై నాలుగేళ్ళు, ప్రతి మంగళవారం సాయంత్రం, ఒకే బల్ల దగ్గర కూర్చోవడం అంటే మాటలు కాదు. హోకన్ కూర్చున్నాడు.

మేం ఆడే ఆట పేరు ‘ఇనుమూ బూడిదా’. దానికి బోర్డూ పావులూ ఉండవు. ఒకడు కథ నడుపుతాడు, మిగతావాళ్ళు ఆ కథలో మనుషులై మాట్లాడతారు. కత్తి తగిలిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి, ఆ పాచికల్ని ఎలా చదవాలన్నది నిబంధనల పుస్తకం చెబుతుంది. మా బల్ల దగ్గర కథ నడిపేది నేను. రోయినే లైబ్రరీలో పనిచేస్తాడు, ఆటలో మాత్రం దొంగ. హోకన్ ఊళ్ళోవాళ్ళకి పళ్ళ సెట్లు తయారుచేసేవాడు, ఆటలో ఎస్కిల్ అనే యోధుడు. యోధుడన్నాను కదా అని నోరు పెద్దదనుకోకండి. నోట్లో నాలుక లేనివాడు. వస్తాడు, కోటు తగిలిస్తాడు, పాచికలు వేస్తాడు, ‘నరుకుతాను’ అంటాడు, పదింటికి వెళ్ళిపోతాడు.

ఆ పుస్తకానికి ఇప్పటికి ఆరు ఎడిషన్లు వచ్చాయి. మేం రెండోదాని మనుషులం. మేం అంటే నేను. రెండోదాంట్లో అన్నిటికీ లెక్క ఉంటుంది. తాడు ఎంత బరువు, వానలో నడిస్తే బూటు ఎన్ని గంటల్లో తడుస్తుంది, కత్తి దెబ్బ మోకాలికి తగిలిందా మోచేతికా, అన్నిటికీ పట్టికలున్నాయి. ఒక్క కొట్లాట తేలడానికి మూడు గంటలు పడుతుంది. పట్టనివ్వండి! మూడోదాంట్లో బూటు పట్టిక తీసేశారు. నాలుగోదాంట్లో చచ్చినవాళ్ళని బతికించే మార్గం పెట్టారు. ఐదోది తెచ్చిన కంపెనీయే మూతపడింది, మంచి పని జరిగింది. ఆరోదాన్ని ఇంకెవరో కొని సన్నటి పుస్తకంగా, రంగురంగుల బొమ్మలతో తెచ్చారు. గంటలో నేర్చుకోవచ్చట. గంటలో నేర్చుకోగలిగినదాన్ని ఆట అంటారా? ఇదే మాట ఇంటర్నెట్లో మూడువందల సార్లు రాశాను, నా సొంత పేరుతోనే.

హోకన్ యోధుడికి తొంభై నాలుగులో ఎడమ చెవి తెగింది. పాచికలు అలా పడ్డాయి. నిబంధన ప్రకారం ఆ వైపు మాటలు సగమే వినపడాలి. రోయినే ఎప్పుడూ హోకన్‌కి ఎడమ పక్కనే కూర్చునేవాడు. రోయినే ఏదైనా జోకు వేసి హోకన్ నవ్వితే నేను బల్ల మీద తట్టేవాణ్ణి.

“ఎస్కిల్‌కి అది వినపడలేదు.”

“నాకు వినపడింది కదరా.”

“నువ్వు నవ్వు. ఎస్కిల్ నవ్వకూడదు.”

హోకన్ తల ఊపి నవ్వు మింగేసేవాడు. ఎంత పద్ధతైన ఆటగాడో అని నేను మురిసిపోయేవాణ్ణి.

మంగళవారం మాది, గురువారం పాటలది. ఏడేళ్ళ కిందట ఒకసారి నేను గురువారం కలుద్దామంటే, కొంచెం తడబడి, ‘బృందగానంలో చేరాను, గురువారాలు సాధన’ అన్నాడు. మా ఊళ్ళో ఇద్దరిలో ఒకరు ఏదో ఒక బృందంలో పాడతారు. ఏ బృందం, ఎక్కడ పాడతారు, ఒకరోజు వచ్చి వింటాను అని నేను అడగలేదు. ఒక్కసారి కూడా అడగలేదు. నాకు పాటలు పట్టవు.

అక్టోబరులో, పళ్ళ సెట్టు ఒకటి సానపడుతూ, కూర్చున్న కుర్చీలోనే గుండె ఆగి పోయాడు. యాభై ఏడేళ్ళు.

అంత్యక్రియలు నవంబరులో ఒక శుక్రవారం మధ్యాహ్నం. చర్చి గుమ్మం దగ్గర ఎవరో నలుగురు కుర్రకారు నిలబడి ఉన్నారు. పాతికేళ్ళు, ముప్ఫయ్యేళ్ళు ఉంటాయి. ముక్కుకి చిన్న రింగు ఉన్న ఒక అమ్మాయి, కళ్ళజోడు పెట్టుకున్న పొడుగాటి కుర్రాడు, ఇంకో ఇద్దరు. హోకన్ చుట్టాలందరూ నాకు తెలుసు, వీళ్ళు చుట్టాలు కారు.

“మీరు ఎవరి తాలూకు?” అని అడిగాను.

కళ్ళజోడు కుర్రాడు తత్తరపడ్డాడు. “మేం... గురువారాల వాళ్ళం” అన్నాడు.

“ఆహా, పాటల వాళ్ళా! నేను స్టెల్లాన్ని.”

పాటలనగానే అయోమయంగా చూసిన ఆ అమ్మాయి మొహం, నా పేరు వినగానే వెలిగిపోయింది. రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుంది. “మీరేనా? ఎన్నాళ్ళనించో మిమ్మల్ని చూడాలనుకుంటున్నాం. నా పేరు తూవా. ఇతను మెల్కర్” అంది. హోకన్ భార్య అనికా దూరంనించి మమ్మల్నే చూస్తోంది. ఆ చూపులో ఏదో కంగారు ఉంది, భర్త పోయిన మనిషి కదా అనుకున్నాను.

పాదిరి మాటలయ్యాక ఒక్కొక్కరమే వెళ్ళి పెట్టె మీద పువ్వు పెట్టాం. నేను పువ్వుతోపాటు రెండు పాచికలు కూడా పెట్టాను. తర్వాత అందరం పక్కనున్న హాల్లోకి వెళ్ళాం. రొయ్యలూ గుడ్లూ పేర్చిన శాండ్‌విచ్ కేకు, కాఫీ, దాల్చిన చెక్క బన్నులు. హోకన్ వాళ్ళమ్మ ఇంగెబోర్గ్, ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి, అనికా పక్కన నిటారుగా కూర్చుంది. హోకన్ అన్నయ్య నాలుగు మాటలు చెప్పి కూర్చోగానే నేను చెంచాతో కప్పు మీద టింగుమనిపించి లేచాను.

“స్టెల్లాన్, క్లుప్తంగా” అని రోయినే నా కోటు పట్టుకుని గుసగుసగా అన్నాడు. నేను విదిలించుకున్నాను.

ఏం మాట్లాడానో ప్రతి ముక్కా గుర్తుంది, అదే నా ఖర్మ. హోకన్ అంటే నిలకడ అన్నాను. ఊళ్ళో ‘ఇనుమూ బూడిదా’ ఆడేవాళ్ళలో సగం మంది మూడోదానికి పోయారు, మిగిలినవాళ్ళలో సగం ఆరోదానికి పోయారు, హోకన్ ఒక్కడే ముప్ఫై నాలుగేళ్ళు రెండోదాని పక్కన రాయిలా నిలబడ్డాడు అన్నాను. ఆరోది ఆడేవాళ్ళంటే ఆయనకి జాలి అన్నాను. ఆ మాట హోకన్ ఎప్పుడూ అనలేదు, నేనే అన్నాను, కానీ ఆ క్షణంలో ఆయన అన్నట్టే నాకు గుర్తొచ్చింది.

“ఒక్క సంగతి చెబుతాను. దాంతో మనిషి ఏంటో మీకే తెలుస్తుంది” అని మొదలుపెట్టాను. “ఆరేళ్ళ కిందట నా యాభయ్యో పుట్టినరోజు. ఆగస్టు నెల. సరస్సు పక్కన మా వేసవి ఇంట్లో క్రేఫిష్ రొయ్యల విందు, ఆనవాయితీగా అందరి నెత్తిమీదా కాగితపు టోపీలు. హోకన్ నాకు రంగు కాగితం చుట్టిన కానుక ఇచ్చాడు. విప్పితే ఏముంది? ఆరోది! నలభై మంది ముందు, నాకు, ఆరోది! అసలు కడుపు చెక్కలయ్యేలా నవ్వాను. అట్ట కూడా తెరవలేదు. తీసుకెళ్ళి సాసేజీలు కాలుస్తున్న నిప్పుల్లో పడేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. హోకన్ నా పక్కనే నిలబడి అది కాలడం చూస్తూ నవ్వాడు. ‘నువ్విలా చేస్తావని నాకు తెలుసురా’ అన్నాడు. అంత పెద్ద హాస్యం ఆయన జీవితంలో ఆ ఒక్కసారే చేశాడు. అదీ మా స్నేహం.”

నేను ఆగాను, నవ్వుతారని. ఎవరూ నవ్వలేదు. వెనక బల్ల దగ్గర తూవా చేతిలో కప్పు సాసరు మీద ఠపీమని పడింది. మెల్కర్ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మనసు కరిగిందనుకున్నాను. ఇంకా ఊపొచ్చింది.

“హోకన్ ప్రాణం పెట్టుకున్నవి రెండే. ఒకటి మా ఆట, రెండోది పాట. ఇదిగో, ఆయన బృందం వాళ్ళు ఇక్కడే ఉన్నారు. హోకన్ కోసం వాళ్ళు మనకి ఒక పాట పాడితే ఎంత బాగుంటుంది!”

అనికా సగం లేచి, “స్టెల్లాన్, వద్దు” అంది. “మొహమాటపడకండి” అన్నాను నేను ఆ నలుగురితో. వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. తూవా అనికా వైపు చూసింది. అనికా కళ్ళు మూసుకుంది. అప్పుడు తూవా లేచి నిలబడింది. ఆమె వెనకాలే ఆ ముగ్గురూ లేచారు.

పాడారు. బళ్ళో వేసవి సెలవులిచ్చే రోజున పిల్లలందరూ పాడే పువ్వుల కీర్తన పాడారు, కిటికీ బయట మంచూ వానా కలిసి పడుతుండగా. నలుగురూ నాలుగు శ్రుతుల్లో పాడారు. మెల్కర్ నోరు ఆడిస్తున్నాడంతే, గొంతు రావడం లేదు. మొదటి చరణం ఎలాగో గట్టెక్కింది. రెండో చరణం ఎవరికీ రాదు. మళ్ళీ మొదటి చరణమే ఎత్తుకున్నారు. అప్పుడు హోకన్ వాళ్ళమ్మ, ఆ పెద్దావిడ, కూర్చున్నచోటే గొంతు కలిపింది. రెండో చరణం ఆవిడ పాడితే వాళ్ళు వెంట పాడారు. పాట అయ్యేసరికి తూవా మెడదాకా ఎర్రగా అయిపోయింది. నలుగురూ కోట్లు తీసుకుని, అనికాని కావలించుకుని, బయటికి వెళ్ళిపోయారు.

నేను ఖాళీ కప్పులు పోగేసుకుని వంటగదిలోకి వెళ్ళాను. అనికా అక్కడే ఉంది, సింకు అంచు పట్టుకుని.

“ఏమనుకోకు గానీ, ఆ బృందం మరీ అన్యాయంగా ఉంది. మనవాడు ఏడేళ్ళు ఎలా భరించాడు?” అన్నాను.

“ఆ కప్పులు కింద పెట్టు.”

“ఎందుకు?”

“పగలగొడతావు. పెట్టు ముందు.”

పెట్టాను.

“వాళ్ళు పాడేవాళ్ళు కారు స్టెల్లాన్. హోకన్ ఏ బృందంలోనూ లేడు. స్నానం చేస్తూ కూడా కూనిరాగం తీసిన మనిషి కాదు.”

“మరి గురువారాలు?”

“ఆడేవాడు. మెల్కర్ వాళ్ళింట్లో.”

“ఏం ఆడేవాడు?”

అనికా నా వైపు తిరిగింది. “నా నోటితోనే చెప్పించాలా? ఆరోది. ఏడేళ్ళనించి.”

అప్పుడు నాకు మొదట వచ్చింది సిగ్గు కాదు. కోపం. మనిషి పోయి మూడు వారాలైంది, పెట్టె మీద పెట్టిన పువ్వు ఇంకా వాడలేదు, నాకు అతని మీద ఒళ్ళు మండిపోయింది.

“నా వెనకాల? ఏడేళ్ళు నా వెనకాల?”

“నీ మొహం చూస్తుంటే ఆయనకి పెళ్ళాం నువ్వా నేనా అని అనుమానం వస్తోంది” అంది అనికా. నవ్వబోయింది గానీ అది నవ్వు కాలేదు. “నాతో ఒట్టు వేయించుకున్నాడు. నీకు తెలిస్తే మంగళవారాలు పోతాయని భయం. రెండూ కావాలి ఆయనకి. నువ్వూ కావాలి.”

రోయినే పళ్ళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాడు. వాడి మొహం చూడగానే అర్థమైంది.

“నీకూ తెలుసన్నమాట.”

“తెలుసురా.”

“నువ్వు కూడా వెళ్తున్నావా అక్కడికి?”

“నాకు ఆరోది నచ్చదు. రెండోదే నచ్చుతుంది, నిజంగానే. కానీ ఒకసారి చూసొచ్చాను. చూశానని నీతో చెప్పే దమ్ము నాకూ లేకపోయింది.”

“అంత పులిలా ఉంటానా నేను?”

“పులి నయం. ఆకలేసినప్పుడే మీద పడుతుంది” అని రోయినే పళ్ళాలు సింకులో పెట్టాడు.

ఇంకో రోజైతే అక్కడే యుద్ధం అయ్యేది. కానీ నాకు ఉన్నట్టుండి ఆ పాట గుర్తొచ్చింది. ఆ నలుగురూ నిలబడి పాడింది నా కోసం. పోయిన మనిషి అబద్ధం నా ముందు బయటపడకూడదని, అంతమందిలో, రాని పాట పాడారు. ఎనభై ఎనిమిదేళ్ళ తల్లి, కొడుకు చనిపోయిన రోజుల్లో, వాళ్ళకి గొంతు అందించింది. నేనొక్కణ్ణే గొప్పగా నిలబడి వింటూ, శ్రుతి తప్పిందని వంకలు పెట్టాను. అప్పుడు వచ్చింది సిగ్గు.

“వెళ్ళి వాళ్ళతో ఒక్క మాట మాట్లాడు” అంది అనికా. “పాటకే కాదు, నువ్వు ఆ పుట్టినరోజు కథ చెబుతున్నప్పుడే ఆ పిల్ల మొహం పాలిపోయింది. ఎందుకో నాకూ తెలీదు.”

కోటు లేకుండానే పరిగెత్తాను. నలుగురూ బస్‌స్టాపులో నిలబడి ఉన్నారు. తూవా ఏడ్చినట్టుంది, ముక్కు ఎర్రగా ఉంది. నన్ను చూసి మెల్కర్ ఒకడుగు ముందుకు వేశాడు, ఆమెకి అడ్డంగా.

“అనికా చెప్పింది. ఆరోది సంగతి. పాట పాడించాను, నాకు తెలియదు” అన్నాను.

“పాట పర్లేదు” అంది తూవా. “ఆ పుస్తకం మొదటి పేజీ చూశారా?”

“ఏ పుస్తకం?”

“మీరు కాల్చిన పుస్తకం.”

చూడలేదు. అట్ట కూడా తెరవలేదని పదిహేను నిమిషాల కిందట నేనే అందరి ముందూ గొప్పగా చెప్పాను.

“మేం సంతకాలు పెట్టాం అందులో” అంది. “నలుగురం. మెల్కర్ మా బల్ల బొమ్మ వేశాడు. బల్ల చుట్టూ ఆరు కుర్చీలు. ఐదింటి మీద మా పేర్లూ హోకన్ పేరూ, ఇంకోదాని మీద మీ పేరు. కింద ‘గురువారం ఆరింటికి, తప్పకుండా రండి’ అని రాశాం. ఆ బొమ్మకి వీడికి రెండు వారాలు పట్టింది.”

మెల్కర్ రోడ్డు వైపు చూస్తున్నాడు.

“హోకన్ ఆ విందునించి వచ్చి మాతో ఏం చెప్పాడో తెలుసా? మీరు ఆ పేజీ చూసి చాలాసేపు మాట్లాడలేదట. కళ్ళు తుడుచుకున్నారట. గురువారాలు మీకు డ్యూటీ ఉంటుందనీ, అది మారగానే వచ్చేస్తారనీ చెప్పాడు. ప్రతి సెప్టెంబరులో అడిగేవాళ్ళం. ‘ఈసారి కూడా మారలేదట, పాపం’ అనేవాడు. మీ కుర్చీ ఇప్పటికీ ఉంది. దాని మీద కోట్లు వేసుకుంటాం. కొత్తవాళ్ళు ఎవరైనా కూర్చోబోతే హోకన్ లేపేసేవాడు, ‘అది స్టెల్లాన్‌ది’ అని.”

నాకు భయపడి వాళ్ళని నా దగ్గర దాచాడు. వాళ్ళ దగ్గర నా పరువు పోకుండా నన్ను దాచాడు. రెండువైపులా ఏళ్ళ తరబడి అబద్ధమాడుతూ, ఆ మధ్యలో పళ్ళ సెట్లు చేసుకుంటూ బతికాడు. నా పక్కన నిలబడి ఆ పేజీ కాలుతుంటే నవ్వాడు. ఆ నవ్వుకి ఎంత ఖర్చయిందో నేను ఇప్పటికీ ఊహించుకోలేను.

“క్షమించండి” అన్నాను. ఆ మాట వాడి చాలా ఏళ్ళైంది.

“పర్లేదు” అంది తూవా. మర్యాదగానే అంది. చర్చి గుమ్మం దగ్గర రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్న మనిషి, ఇప్పుడు రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని ఉంది. వచ్చే గురువారం రమ్మని అనలేదు. అనమని అడిగే మొహం నాకూ లేదు.

“ఒక్కసారి లోపలికి రండి. నేను అక్కడ చెప్పింది తప్పని అందరి ముందూ చెప్పాలి. మీరు లేకుండా చెబితే లాభం లేదు.”

“మళ్ళీ పాడిస్తారా?” అన్నాడు మెల్కర్. ఆ రోజు అతను నాతో మాట్లాడిన పెద్ద వాక్యం అదే.

“నేను నోరు విప్పితే మీరే నొక్కెయ్యండి” అన్నాను.

బస్సు రావడానికి ఇంకా పాతిక నిమిషాలుంది, పైన మంచు వాన. వాళ్ళు వచ్చారు. నా మీద జాలితో వచ్చారో చలికి వచ్చారో తెలియదు.

హాల్లో నన్ను చూడగానే జనం మొహాలు మాడిపోయాయి. మళ్ళీ చెంచా పట్టుకుంటాడేమో అని ఒకావిడ బహిరంగంగానే నిట్టూర్చింది. నేను కప్పు ముట్టుకోలేదు. గుమ్మం దగ్గరే నిలబడి చెప్పాను. హోకన్ ఏడేళ్ళు ఆరోది ఆడాడు. అది అతనికి ఇష్టం. వీళ్ళు అతని స్నేహితులు. ఆ కానుక హాస్యం కాదు, నన్ను రమ్మని పిలిచిన పిలుపు, దాన్ని నేను చూడకుండా కాల్చేశాను. నాతో చెప్పడానికి భయపడ్డాడు, ఆ భయం నేను పెట్టిందే. ఇంతే అన్నాను, కూర్చోవడానికి కుర్చీ కోసం వెతుక్కున్నాను.

ఒక్కళ్ళు కూడా ఆశ్చర్యపోలేదు. దాంతో అన్నిటికన్నా ఎక్కువ తల కొట్టేసినట్టయింది. నేను పెద్ద రహస్యం విప్పుతున్నాననుకున్నాను. ఊరందరికీ తెలిసిన సంగతి, ఊరందరూ నానుంచి దాచిన సంగతి, నేను ఊరందరికీ చెప్పాను.

“తెలుసు నాయనా, కూర్చో” అంది ఇంగెబోర్గ్. తర్వాత తూవా వైపు తిరిగింది. “అమ్మాయ్, ఇటు రా. మీ ఆటలో మావాడు ఎవరు? నాతో ఎప్పుడూ చెప్పలేదు. మళ్ళీ కత్తి పట్టుకున్నవాడేనా?”

“కాదండీ” అంది తూవా. మొదటిసారి నవ్వింది. “ముసలమ్మ. మాల్వా అని, వంటలక్క. మీకంటే పెద్దది.”

“నాకంటేనా! ఏం చేసేది?”

తూవా మెల్కర్‌ని చూసింది. మెల్కర్ తల ఊపాడు. ఆమె కొంచెం వంగి, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుంది.

“ఒకసారి అడవిలో దొంగలు మమ్మల్ని చుట్టుముట్టారు. పన్నెండు మంది. మేమందరం కత్తులు దూశాం, పాచికలు చేతుల్లోకి తీసుకున్నాం. మాల్వా మమ్మల్ని పక్కకి నెట్టేసి దొంగల నాయకుడి ముందుకు వెళ్ళింది.” తూవా గొంతు మారింది. బొంగురుగా, అధికారంగా, మధ్యలో కీచుమంటూ. “‘ఒరేయ్, మీ అమ్మ బతికే ఉందా? ఉంటే ఈ చొక్కాతో నిన్ను గడప దాటనిచ్చిందా? ఎన్నాళ్ళైందిరా ఉతికి? విప్పు! విప్పరా అంటే! నువ్వూ, ఆ వెనకాల గొడ్డలి పట్టుకున్నవాడా, నువ్వు కూడా. ముక్కు తుడుచుకో ముందు. గొడ్డలితో కాదు!’”

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత హాలంతా నవ్వింది. ఇంగెబోర్గ్ బల్ల మీద అరచేత్తో కొడుతూ నవ్వింది. “అది నా గొంతు! వెధవ, నన్నే దించేశాడు!” అంది, కళ్ళనిండా నీళ్ళతో. తూవా ఆగలేదు. పన్నెండు మంది దొంగలు చొక్కాల్లేకుండా వాగు ఒడ్డున వణుకుతూ బట్టలు ఉతుక్కున్నారట, మాల్వా వాళ్ళకి సబ్బు సరిగ్గా పట్టలేదని రెండోసారి ఉతికించిందట. ఒక్క పాచికా పడలేదు, రాత్రంతా ఈ నలుగురూ నవ్వి నవ్వి కుర్చీల్లోంచి జారిపోయారట. మెల్కర్ అందుకుని ఇంకోటి చెప్పాడు. మిగతా ఇద్దరూ అందుకున్నారు. రోయినే కూడా తను చూసిన ఆ ఒక్క గురువారం సంగతి చెప్పాడు.

నేను అనికా పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుని విన్నాను. నాకూ నవ్వొచ్చింది. నవ్వడానికి నాకేం హక్కుందనిపించి ఆపుకున్నాను. ముప్ఫై నాలుగేళ్ళు ఎదురుగా కూర్చున్న మనిషిలో ఈ ముసలమ్మ ఉందని నాకు తెలియదు. ఆ గొంతు ఎప్పుడూ వినలేదు. ఆరోదాంట్లో ఏదో మహత్తు ఉండి అతని నోరు తెరిపించిందేమోనని, సిగ్గులేకుండా, ఆ క్షణంలో కూడా నిబంధనల గురించే ఆలోచించాను. అలా అయితే తప్పు పుస్తకానిదవుతుంది కదా.

“ఇంట్లో కూడా ఇలాగే మాట్లాడేవాడా?” అని అనికాని అడిగాను, మెల్లగా.

అనికా కాగితపు రుమాలుతో కళ్ళు తుడుచుకుంది. ఇంకా నవ్వుతూనే ఉంది.

“ఎప్పుడూ ఇదే గోల. పొద్దున లేచింది మొదలు. నోరు మూయించలేక చచ్చేదాన్ని” అంది. “ఒక్క మంగళవారాలే ఊరుకునేవాడు.”